కడలి అడుగున కొండలు, కోనలు

మన తీరప్రాంతపు జాలరులు సముద్రపు లోతును బారలలో లెక్కపెడతారు. మనిషి రెండు చేతులు చాచినంత పొడవు ఒక బార. త్రాటికి బరువు కట్టి నీటిలోనికి విడిచి, ఎన్ని బారల త్రాడు దిగినదో చూచుకొని అక్కడి లోతు చెబుతారు. అంతటితో ఆగరు. బరువు తగిలిన తీరును బట్టి అడుగున ఉన్నది ఇసుకా, బురదా, రాయా అన్నది గ్రహిస్తారు. బురదనేల మీద రొయ్య ఉంటుంది. రాతినేలను ఆశ్రయించుకొని బ్రతికే చేపలు వేరు. మెట్టకు మెట్టపైరు, మాగాణికి మాగాణిపైరు అని రైతునకు తెలిసినట్లే, అడుగును బట్టి జీవము అన్న సత్యము జాలరికి తరతరాలుగా తెలుసు.

అయితే జాలరి త్రాడు అందని లోతులలో ఏమున్నది? అక్కడ కూడ ఈ సూత్రము చెల్లుతుందా? మాకు కేటాయించిన ఈ కొద్ది నిమిషాలలో శ్రోతలను మన తీరము నుండి హిందూ మహాసముద్రపు నడిభాగము వరకు, నీటి పైన గాక నేల వెంబడి, తీసికొనిపోవాలని మా సంకల్పము.

ప్రపంచములోని సముద్రముల సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. ఆ లోతులలో ప్రాణి అన్నది ఉండదని ఒకప్పుడు విద్వాంసులు సైతము తలచారు. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1843లో, 300 బారల క్రింద, అనగా సుమారు 550 మీటర్ల క్రింద, జీవము లేదని ఊహించాడు. వెలుతురు లేనిచోట, అంతటి నీటి బరువు క్రింద, ఏ ప్రాణి బ్రతుకగలదని ఆయన వాదము. 1872 నుండి 1876 వరకు సముద్రాలన్నీ చుట్టి వచ్చిన ‘ఛాలెంజర్’ ఓడ ఈ వాదమును పూర్వపక్షము చేసింది. ఆ ఓడవారు 1875 మార్చి 23న పసిఫిక్ సముద్రములో త్రాడు వదలగా అది 4,475 బారలు దిగిన తరువాతగాని అడుగు తగలలేదు. అనేక వేల మీటర్ల లోతు నుండి వారి వలలకు సజీవమైన ప్రాణులు చిక్కినవి. మన జలాలలో ఇట్టి పని చేసినది ‘ఇన్వెస్టిగేటర్’ అనే ఓడ. 1881లో బొంబాయిలో జలప్రవేశము చేసిన ఆ ఓడ మీద ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్, బంగాళాఖాతములోను, అరేబియా సముద్రములోను లోతుల నుండి తీసిన చేపలను, పీతలను గూర్చి 1902లో ఒక గ్రంథమే వ్రాశాడు.

ఆ కాలములో ఒక్కచోట లోతు చూడడానికి గంటలు పట్టేది. తరువాత శబ్దము త్రాడు పని చేయసాగింది. నీటిలో శబ్దము సెకండుకు సుమారు 1,500 మీటర్లు పయనిస్తుంది. ఓడ అడుగు నుండి ఒక ధ్వనిని పంపితే అది నేలను తాకి ప్రతిధ్వనిగా తిరిగివస్తుంది. నాలుగు సెకండ్లలో తిరిగివచ్చినదంటే అక్కడ లోతు 3,000 మీటర్లు. ఓడ ఆగనవసరము లేదు. పోతూనే నేల ఎత్తుపల్లాలను గీత గీసినట్లు చూపవచ్చు. ఆ గీతలలోనే కడలి అడుగున ఉన్న కొండలు, కోనలు తొలిసారిగా మనిషి కంటికి ఆనినవి.

ఇక దిగుదాము.

తీరము దాటగానే ఉన్నది లోతు తక్కువ గల అరుగు. భూగోళ గ్రంథాలలో దీనిని ఖండతీరపు అంచు అంటారు. ఇంటి గోడ నుండి వీధి అరుగు సాగినట్లు, ఖండము నీటి క్రిందికి సాగిన భాగమిది. సాధారణముగా రెండువందల మీటర్ల లోపు లోతు. బొంబాయికి ఎదుట ఈ అరుగు చాల వెడల్పు. మన తూర్పు తీరమున సన్నము. ఇక్కడికి వెలుతురు దిగుతుంది, నదులు ఎరువు తెచ్చి పోస్తాయి. కంటికి కనబడనంత చిన్న మొక్కలు నీటిలో పుట్టి పెరుగుతాయి. వాటిని తిని చిన్న ప్రాణులు, వాటిని తిని చేపలు. మన పళ్ళెములోనికి వచ్చే సముద్రపు చేపలో పెద్దపాలు ఈ అరుగు మీదిదే.

అరుగు అంచు దాటగానే నేల ఒక్కసారిగా వాలిపోతుంది. ఈ ఖండతీరపు వాలు నున్నగా లేదు. దానిని నరికినట్లు లోతైన కోనలు ఉన్నవి. 1950 దశకములో ఆంధ్ర విశ్వవిద్యాలయములో సముద్రశాస్త్ర బోధన ఆరంభమైనప్పుడు అమెరికా నుండి వచ్చిన ఆచార్యుడు యూజీన్ లఫాండ్, మన తీరము ఎదుట వాలులో కనుగొన్న మూడు కోనలను 1964లో వర్ణించాడు. వాటికి పెట్టిన పేర్లు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ. మహాదేవన్ అన్నది అదే విశ్వవిద్యాలయములో భూగర్భశాస్త్ర ఆచార్యులుగా ఉండిన సి. మహాదేవన్ పేరు. మన తీరమునకు ఎదుటనే నీటి క్రింద ఒక ఆంధ్ర కోన ఉన్నదని మనలో ఎందరికి తెలుసు!

ఈ కోనలను తవ్వినదెవరు? సుమారు ఇరవైవేల సంవత్సరాల క్రితము భూమి మీద మంచు విస్తారముగా పేరుకొని ఉన్నప్పుడు సముద్రమట్టము ఈనాటికన్న 120 మీటర్ల మేర తక్కువగా ఉండేది. అప్పుడు నదులు అరుగు అంచు వరకు పోయి తమ బురదను వాలు మీదనే కుమ్మరించేవి. ఆ బురద నీటితో కలిసి, చిక్కనై, బరువై, వాలు వెంబడి జారి క్రింది నేలను కోసివేసింది. ఇట్టి బురదప్రవాహాల బలమెంతో అట్లాంటిక్ సముద్రములో జరిగిన ఒక సంఘటన వల్ల తెలియవచ్చింది. 1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరము దగ్గర భూకంపము వచ్చింది. సముద్రపు అడుగున పరచిన తంతితీగెలు కొన్ని వెంటనే తెగినవి. తక్కినవి మాత్రము ఒకదాని తరువాత ఒకటిగా, దగ్గరివి ముందు, దూరపువి వెనుక, గంటల వ్యవధిలో తెగుతూ పోయినవి. ఏదో అడుగున పరుగెత్తుతూ పోయినదన్న మాట. అది భూకంపానికి జారిన బురదప్రవాహమే అని 1952లో హీజెన్, ఈవింగ్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు.

గంగా బ్రహ్మపుత్రల ముఖద్వారానికి ఎదుట ఇట్టి కోనలలో ఒక మహాకోన ఉన్నది. త్రాడు వదలితే అడుగు తగలక, ఆనాటి నావికులు దానికి ‘అడుగులేని పాయ’ అన్న అర్థము వచ్చే పేరు పెట్టారు. కోన గోడల వెంట లోతునీరు పైకి ఎగదట్టి, ఎరువును వెలుతురులోనికి తెస్తుంది. అందువల్ల అక్కడ చేపలు, చేపల కొరకు డాల్ఫినులు, తిమింగలాలు చేరుతాయి. బంగ్లాదేశ్ ప్రభుత్వము 2014లో ఆ కోన పరిసరాలను సముద్రప్రాణుల రక్షిత ప్రాంతముగా ప్రకటించింది. నేలలో ఒక గంటు ఉన్నందువల్ల తిమింగలానికి నెలవు ఏర్పడింది. జాలరి సూత్రము ఇక్కడ కూడ చెల్లింది.

ఆ కోన గుండా జారిపోయిన బురద ఎక్కడికి పోయింది? బంగాళాఖాతపు అడుగునంతటినీ నింపివేసింది. ఉత్తరము నుండి దక్షిణమునకు సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున, విసనకర్ర వలె పరచుకొని, భూమధ్యరేఖను దాటిపోయిన ఈ మేటకు సాటి ప్రపంచములో మరొకటి లేదు. ఉత్తర భాగమున దీని మందము పదహారు కిలోమీటర్లకు పైబడినదని అంచనా. హిమాలయాలు పెరుగుతూ ఉండగా వానలు, నదులు వాటిని అరగదీస్తూ వచ్చినవి. అరిగినదంతా ఇక్కడ పొరలు పొరలుగా ఉన్నది. పర్వతము చరిత్ర తెలిసికొనడానికి 2015లో ఒక అంతర్జాతీయ బృందము బంగాళాఖాతము నడుమ ఈ పొరలను తొలిచి చూచింది. ఎవరెస్టు శిఖరము కథ చదవడానికి సముద్రము అడుగునకు దిగవలసి వచ్చిందన్న మాట!

ఈ బురదలో కేవలము రాతిపొడి మాత్రమే లేదు. నదులు తెచ్చిన ఆకు, అలము, ప్రాణుల కళేబరాలు కూడ దానిలో పూడిపోయినవి. అవి గాలి సోకక కుళ్ళి మీథేన్ వాయువు పుట్టింది. పై నీటి బరువు, లోతులలోని చలి కలిసి ఆ వాయువును నీటితోబాటు మంచుగడ్డ వలె గట్టిపరచినవి. నిప్పు ముట్టిస్తే మండే మంచు ఇది! 2006లో కృష్ణా-గోదావరి తీరము ఎదుట సముద్రగర్భమును తొలిచినప్పుడు ఒకచోట ఈ మంచు గల పొర 128 మీటర్ల మందమున కనబడింది.

ఇక్కడి జీవము ఆశ్చర్యకరమైనది. నేలలోని పగుళ్ళ గుండా మీథేన్ ఊటగా పైకి వస్తుంది. సూర్యుని మొగము ఎరుగని సూక్ష్మజీవులు ఆ వాయువును ఆహారము చేసికొంటాయి. ఆ క్రియలో కుళ్ళిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మనకది విషము. కాని కొన్ని ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు తమ శరీరములోనే సూక్ష్మజీవులను పెంచుకొని, వాటికి ఆ విషమును అందించి, అవి వండిపెట్టిన ఆహారముతో బ్రతుకుతాయి. కృష్ణా-గోదావరి ప్రాంతములో ఇట్టి సజీవమైన ఊటను, దాని చుట్టూ చేరిన ప్రాణులను గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థవారు 2018లో కనుగొన్నారు. మన రెండు నదులు తెచ్చిన ఒండ్రు ఒడ్డున వరిని పండిస్తే, ఒడ్డుకు దూరముగా చీకటిలో ఇట్టి ప్రాణులను పోషిస్తున్నది.

ఇక దక్షిణముగా సాగుదాము. బురద విసనకర్ర పలుచబడి, భూమధ్యరేఖకు దిగువన, 5,000 మీటర్లకు పైబడిన లోతున అగాధ మైదానము వస్తుంది. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణపు బరువు చొప్పున అక్కడ ఐదువందల వాతావరణాల బరువు పడుతుంది. నీరు గడ్డకట్టడానికి ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే ఎక్కువ. ఆహారమంటే పై నుండి రాలినదే. పైనీటిలో చచ్చిన ప్రాణుల తునకలు మంచు కురిసినట్లు సన్నగా దిగుతూ ఉంటాయి. పైన పండినదానిలో నూటికి ఒకటి రెండు పాళ్ళు కూడ అడుగునకు చేరడము అరుదు.

ఇంత పేదనేల మీద ఒక సంపద ఉన్నది. బంగాళాదుంపలంత నల్లని గడ్డలు మైదానము మీద పరచి ఉన్నవి. ఒక సొరచేప పన్నో, గులకరాయో నడుమ ఉండగా, నీటిలో కరిగి ఉన్న మాంగనీసు, ఇనుము దాని మీద పొరలుగా పేరుకొని ఏర్పడినవి. నికెలు, రాగి, కోబాల్టు కూడ వాటిలో ఉన్నవి. ఒక గడ్డ కొద్ది మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల సంవత్సరాలు పడుతుంది! మన ‘గవేషణి’ ఓడ 1981లో తొలిసారి ఇట్టి గడ్డలను తీసికొనివచ్చింది. 1987లో హిందూ మహాసముద్ర మధ్యభాగములో వీటి అన్వేషణకు భారతదేశానికి హక్కు లభించింది. తరువాత మన వంతుగా నిలిచిన ప్రాంతము 75,000 చదరపు కిలోమీటర్లు.

గడ్డలు రాళ్ళే అయినా, మెత్తని ఆ బురదలో గట్టిగా పట్టుకొనడానికి ఉన్న ఆధారము అవే. స్పంజికలు, ప్రవాళాలు, సముద్రపుష్పాలు వాటిని అంటుకొని బ్రతుకుతాయి. పెళుసు నక్షత్రాలు ఆ స్పంజికల మీదికి ఎక్కి ఆహారము పట్టుకొంటాయి. సముద్రదోసకాయలు చుట్టూ ఉన్న బురదను, నాగలి దున్నినట్లు, మెల్లగా తిరగవేస్తూ పోతాయి. గడ్డను తీసివేస్తే ఆ ఇల్లు పోయినట్లే. మళ్ళీ కట్టడానికి పట్టే కాలము ఎంతో ఇంతకుముందే చెప్పుకొన్నాము.

మైదానము దాటి పడమరకు, దక్షిణమునకు పోతే కొండలు. సముద్రాలన్నిటిలోను అల్లుకొని సుమారు 65,000 కిలోమీటర్లు సాగే మహాపర్వతశ్రేణిలో ఇవి ఒక భాగము. అరేబియా సముద్రము నుండి దిగే కార్ల్స్‌బర్గ్ శ్రేణికి ఆ పేరు డెన్మార్కువారి ‘డానా’ యాత్ర వల్ల వచ్చింది. 1928 నుండి 1930 వరకు సాగిన ఆ యాత్రకు ధనసహాయము చేసిన సంస్థ పేరు అది. ఈ శ్రేణుల నడినెత్తిన భూమి పగిలి, క్రింది నుండి కరిగిన రాయి పైకి వచ్చి కొత్త నేల పుడుతున్నది. పగుళ్ళలోనికి దిగిన సముద్రపు నీరు కాగి, లోహాలను కరిగించుకొని, పొగగొట్టాల వంటి రాతి స్తంభాల గుండా నల్లగా చిమ్ముతుంది. ఇట్టి వేడి ఊటలను, వాటి చుట్టూ ఉన్న జీవమును మనిషి తొలిసారి చూచినది 1977లో, పసిఫిక్ సముద్రములో గలపాగస్ దీవుల దగ్గర. మన మహాసముద్రములో రోడ్రిగ్స్ దీవికి ఆగ్నేయముగా, సుమారు 2,400 మీటర్ల లోతున జపానువారు 2000లో ఒక ఊటను కనుగొని దానికి ‘కైరే’ అని పేరు పెట్టారు. అక్కడి నీటి వేడి 360 డిగ్రీలు. నీటి బరువు అపారమైనందువల్ల అంత వేడిలోను అది ఆవిరి కాదు.

ఆ పొగగొట్టాల గోడల మీద రొయ్యలు ముసిరి ఉంటాయి. 2001లో అక్కడ ఒక నత్తను కనుగొన్నారు. దాని పాదానికి చేపకున్నట్లు పొలుసులు ఉన్నవి. ఆ పొలుసుల మీద ఇనుము, గంధకము కలిసిన కవచము ఉన్నది. తన శరీరములో ఇట్లు ఇనుపతొడుగు తొడుగుకొనే ప్రాణి మరొకటి తెలియలేదు. పెరిగిన తరువాత అది ప్రత్యేకముగా ఆహారము వెదకికొనదు. తన లోపల పెంచుకొన్న సూక్ష్మజీవులే దానికి అన్నదాతలు. ఆ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందించవలసి ఉన్నందువల్ల కాబోలు, దేహానికి మించిన పెద్ద గుండె దానికున్నది. అంతటి ప్రాణికి ఉన్న చోటు బహు తక్కువ. 2019లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని అంతరించే ప్రమాదమున్న జాతిగా పేర్కొన్ననాటికి అది ఉన్నట్లు తెలిసినవి మూడు ఊటలు మాత్రమే. సముద్రగర్భములో గనుల త్రవ్వకము కారణముగా ఆ పట్టికకు ఎక్కిన మొదటి ప్రాణి అదే.

ఇక్కడ మన ప్రయాణము మనలను ఒక ప్రశ్న ముందు నిలబెడుతున్నది. నల్లపొగలు చిమ్మిన లోహాలు ఊట చుట్టూ పేరుకొంటాయి. వాటి అన్వేషణకు భారతదేశము 2016లో మధ్య, నైరుతి శ్రేణుల విషయములోను, 2025లో కార్ల్స్‌బర్గ్ శ్రేణి విషయములోను అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో ఒప్పందాలు చేసికొన్నది. మనుషులను 6,000 మీటర్ల లోతుకు దింపే ‘మత్స్య’ వాహనము కొరకు మన శాస్త్రజ్ఞులు శ్రమించడము మనకు గర్వకారణమే. విద్యుత్తుతో నడిచే బండ్లకు, వాటి బ్యాటరీలకు కోబాల్టు, నికెలు కావాలి. వద్దు అనడము సులభము కాదు. అయితే తీసే ముందు ఏమి పోతుందో లెక్క తెలియవలె గదా!

ఆ లెక్కలో కొంత మనకు దొరికింది. పసిఫిక్ సముద్రపు అడుగున 1979లో ఒక యంత్రముతో గడ్డలను ఏరి చూచారు. నలుబదినాలుగు సంవత్సరాల తరువాత, 2023లో, శాస్త్రజ్ఞులు అక్కడికి మళ్ళీ వెళ్ళారు. యంత్రపు జాడలు చెరగకుండా అట్లే ఉన్నవి. కొన్ని చిన్న ప్రాణులు తిరిగి వచ్చినవి గాని, గడ్డలను అంటుకొని బ్రతికే పెద్ద ప్రాణులు చాలవరకు రాలేదు. మన శాస్త్రజ్ఞులు కూడ 1997లో హిందూ మహాసముద్రములో అడుగు బురదను కావాలని కదిపి, ఆ నేల ఎట్లు కోలుకొంటుందో తరువాత కొన్నేళ్ళపాటు గమనించారు. త్రవ్వక ముందే ఇట్టి పరీక్ష చేయడము వివేకము. త్రవ్వకానికి అంతర్జాతీయ నియమావళి 2025 జూలై సమావేశము నాటికి కూడ పూర్తి కాలేదు. ఆ నియమావళి వ్రాసేటప్పుడు బల్ల దగ్గర మన దేశమునకు చోటు ఉన్నది. ఏ ఊటలను ముట్టరాదో, మైదానములో ఏ భాగాలను యథాతథముగా విడువవలెనో నిర్ణయించడములో మన మాటకు విలువ ఉంటుంది.

మనకు తెలిసినది ఎంత తక్కువో ఒక దుఃఖకరమైన సందర్భము చెప్పింది. 2014 మార్చి 8న 239 మందితో పోతున్న మలేషియా విమానము అదృశ్యమైనప్పుడు, దక్షిణ హిందూ మహాసముద్రములో వెదకడానికి ముందు అక్కడి నేల పటమును కొత్తగా గీయవలసి వచ్చింది. విమానము దొరకలేదు. ఎవరూ చూడని పర్వతాలు, లోయలు మాత్రము పటములోనికి ఎక్కినవి. 2025 నాటికి కూడ ప్రపంచ సముద్రాల అడుగులో ఈ విధముగా సవివరముగా కొలిచినది నాలుగవ వంతుకు కొంచెము పైమాటే.

మన జాలరికి తన బారల లెక్క బ్రతుకుతెరువు. బరువు తగిలిన తీరు చేతికి తెలియనిదే అతడు వల వేయడు. ఐదువేల మీటర్ల లోతున యంత్రము దింపబోయే మనము అతని నుండి నేర్చుకొనవలసినది ఇంతే. ముందు అడుగు ఎట్టిదో, అక్కడ ఎవరు కాపురమున్నారో తెలిసికొనవలె. వల సంగతి ఆ తరువాత.